తాంబాళములోని ప్రశ్న

చదువుకొన్నవారి యింట పుస్తకముల బీరువాకును వంటయింటి గడపకును నడుమ దూరము పదియడుగులకు మించి యుండదు. ఆ పదియడుగులు నడచుటకు మాకు 35 ఏండ్లకు పైగా పట్టినది. అందుకు గల కారణము చెప్పుకొనుట మాకు గౌరవకరము కాదు. అయినను మావంటి సోదరులు ఈ పత్రిక చదువు నిండ్లలో పెక్కురుందురను నమ్మకముచేత చెప్పుచున్నాము.

మేము మొయినాబాదు ప్రాంతమున పుట్టి పెరిగినవారము. చిన్ననాడు సంస్కృతము, పిదప ఆంగ్లము అభ్యసించి, ఇప్పుడొక ఉన్నత పాఠశాలలో పిల్లలకు భాషలు చెప్పుకొని బ్రతుకుచున్నాము. వయస్సు 45 ఏండ్లు. మాకొక అక్క కలదు. మాకంటె ఆరేండ్లు పెద్ద. ఆమె చదువు ఏడవ తరగతితో ఆగిపోయినది. మా ఊర అంతకు మించిన తరగతి లేకపోవుట యొక కారణము. ఆడపిల్లను బస్సెక్కించి పంపుటెందుకని పెద్దలనుకొనుట రెండవ కారణము. మొదటి కారణము మాకును ఉండెను గాని యది మమ్ము ఆపలేదు. మేమదే బస్సెక్కి చదువుకొంటిమి.

మాకు తొమ్మిదేండ్ల వయస్సున ఒక వానకాలపు సాయంకాలము మేము అరుగుమీద కూర్చుండి రామశబ్దము వల్లె వేయుచుంటిమి. అక్క పెరటిలో గిన్నెలు తోముచుండెను. ఆమె యెదుట ఇత్తడి తాంబాళమునిండ నీళ్లుండెను. పోపుడబ్బా కడుగగా చిందిన పసుపు ఆ నీటిపై పలుచని పొరవలె తేలుచుండెను. సబ్బంటిన వ్రేలిని ఆమె ఒక యంచున నీటికి తాకించెను. అంతనే పసుపంతయు రెండవ యంచునకు పరువెత్తెను.

"తమ్మీ, జల్ది రా! పసుపు ఉరుకుతున్నది జూడు" అని పిలిచెను.

మేము పోయి చూచి, పుస్తకము చేతబట్టిన పండితులము గనుక, "సబ్బంటే దానికి భయమేమో" అంటిమి.

"భయమంటవేంది? సబ్బు దాన్ని ముట్టనే లేదు గద! సబ్బు నూకినట్టు లేదు తమ్మీ. అవతలికెల్లి ఎవరో గుంజినట్టున్నది. ఎవరు గుంజిన్రు?"

"ఇవన్ని నీకెందుకక్కా? గిన్నెలు తోము, అమ్మ కోపం జేస్తది" అని చెప్పి మేము మరల అరుగెక్కితిమి. రామశబ్దము ఆ రాత్రికే కంఠస్థమైనది. అక్క ప్రశ్నను మాత్రము మరచిపోతిమి.

గడచిన వానకాలమున మా పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శనము జరిగెను. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె పళ్లెములో నీళ్లు పోసి, మిరియాలపొడి చల్లి, సబ్బంటిన పుల్లతో తాకించెను. పొడి అంచులకు పరువెత్తగా చూచువారు చప్పట్లు కొట్టిరి. మాకు మాత్రము ఇత్తడి తాంబాళము కన్నులకు కట్టెను. "పొడినెవరు కదలించిరమ్మా?" అని యడిగితిమి. "సబ్బు నెట్టింది సార్" అని యామె చెప్పెను. అక్క మాట దీనికి విరుద్ధముగా నుండెను. ఎవరిది నిజమో తెలిసికొనవలెనని ఆ రాత్రి పుస్తకములు తిరుగవేసితిమి. నిజము అక్కదే.

సంగతి యిది. నీటిలోపలి అణువును చుట్టునున్న యణువులు అన్ని దిక్కులనుండియు లాగుచుండును గనుక ఆ లాగుడులు ఒకదానికొకటి సరిపోవును. నీటి పైభాగమున నున్న యణువునకో, ప్రక్కలను క్రిందను చుట్టములున్నారు గాని పైన గాలి తప్ప ఎవరును లేరు. అందుచేత ఉపరితలము ఎల్లప్పుడును ముడుచుకొన జూచుచు, బిగించి కట్టిన గుడ్డవలె నుండును. దీనినే తలతన్యత యందురు. మామూలు వేడిమిలో శుభ్రమైన నీటికి ఇది మీటరుకు సుమారు 73 మిల్లీన్యూటనులు. సబ్బు కలిసినచో అందులో సగమునకంటె తక్కువకు పడిపోవును. తాడులాగుడు పందెములో రెండు పక్షములును సమబలముతో లాగునంతసేపు తాడు కదలదు. ఒక పక్షమువారు చేతులు వదలించినచో తాడు రెండవ వైపునకు పోవును. వదలించినవారు దానిని నెట్టలేదు; అవతలివారు గుంజిరి. సబ్బు తాకినచోట నీటి బిగువు సడలగా, ఎదుటనున్న శుభ్రజలము పసుపును తనవైపునకు లాగికొనెను. ఏడవ తరగతి చదివిన పదునైదేండ్ల పిల్ల సరియైన ప్రశ్న నడిగినది. మేము దానికి జవాబు వెదకకపోగా నోరు మూయించితిమి.

ఆ పుస్తకములలోనే మరియొక స్త్రీ మాకు కనబడెను. ఆమె పేరు ఆగ్నెస్ పోకెల్సు. 1862లో వెనీసు నగరమున జన్మించెను. తండ్రి ఆస్ట్రియా సైన్యమున ఉద్యోగి. ఆరోగ్యము చెడి కొలువు మానగా కుటుంబము జర్మనీలోని బ్రౌన్‌ష్వైగు నగరమునకు చేరెను. ఆగ్నెసు బాలికల పాఠశాలలో చదివి భౌతికశాస్త్రముపై మక్కువ పెంచుకొనెను. కాని ఆ కాలమున జర్మనీ విశ్వవిద్యాలయములు స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొనలేదు. బాడెను సీమలో ఆ తలుపు మొట్టమొదట తెరచుకొన్నది 1900లో మాత్రమే. ఆమె ఇంటనుండి రోగులైన తలిదండ్రులకు పరిచర్య చేయుచు, వంట వండుచు, గిన్నెలు కడుగుచుండెను. ఆమెకంటె మూడేండ్లు చిన్నవాడైన తమ్ముడు ఫ్రీడ్రిహ్ గొట్టింగెను విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదువుచు తన పుస్తకములను అక్కకు పంపుచుండెను.

జిడ్డునీటిని రోజును చూచుచుండిన యామెకు, ఆ జిడ్డు నీటి పైభాగమును ఏమి చేయుచున్నదను సందేహము కలిగెను. సుమారు 18 ఏండ్ల వయస్సున పరిశీలన మొదలుపెట్టి, 1882 నాటికి ఒక పరికరము సిద్ధము చేసికొనెను. అది 70 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల లోతు గల తగరపు తొట్టి. దానిని అంచులవరకు నీటితో నింపి, నీటిని తాకునట్లు అడ్డముగా ఒక తగరపు పట్టీ నుంచెను. పట్టీని జరిపినకొలదియు ఒకవైపు జిడ్డు ఇరుకున పడును, రెండవవైపు పలుచబడును. ఒక చిన్నబిళ్లను నీటిపై నుంచి, దానిని పైకి లేపుటకెంత బలము కావలెనో త్రాసుతో తూచెను. తలతన్యతకు అదియే కొలత.

ఇట్లు కొలిచి యామె కనుగొన్నదేమన, కొలదిపాటి జిడ్డు విశాలమైన తావున పరచుకొని యున్నప్పుడు నీటి బిగువు శుభ్రజలమునకున్నట్లే యుండును. పట్టీని జరిపి జిడ్డును ఇరుకు చేయుచు పోగా ఒకానొక హద్దువద్ద బిగువు తటాలున తగ్గసాగును. జిడ్డు అణువులు ఒకదాని ప్రక్క నొకటి ఒకే వరుసగా నీటిపై పరచుకొని, ఇక సందు లేక ఒకదాని నొకటి తాకు స్థితియే ఆ హద్దని తరువాతివారు గ్రహించిరి. కంటికి కనబడని యణువు వెడల్పును కొలుచుటకు ఇంటిలోని తగరపు తొట్టి త్రోవ చూపినది.

ఈ సంగతులను ఎవరితో చెప్పవలెను? పట్టములేని యాడుదాని మాటను చుట్టుప్రక్కల ఎవరును చెవిని పెట్టలేదు. ఇంతలో ఇంగ్లండునందలి లార్డు రాలీ అదే విషయముపై పనిచేయుచున్నాడని యామె చదివెను. 1891 జనవరిలో జర్మను భాషలో ఆయనకొక జాబు వ్రాసెను. రాలీ అప్పటికే దేశదేశముల పేరుపొందిన భౌతికశాస్త్రజ్ఞుడు. ముఖపరిచయము లేని పరదేశపు స్త్రీ, ఇంటిసామానుతో చేసిన ప్రయోగములు. పైగా వానిలో కొన్ని ఆయన చేయుచుండిన పనికంటె ముందు నడచినవి. జాబును చింపవచ్చును. లేదా అందులోని సంగతులను తన వ్యాసములో కలిపికొనవచ్చును. ఆయన యిట్టి పనులేవియు చేయలేదు. తన భార్యచేత దానిని ఆంగ్లమున తర్జుమా చేయించి, సిఫారసు మాటలు చేర్చి, 'నేచర్' పత్రికకు పంపెను. 1891 మార్చి 12వ తేదీ సంచికలో అది ఆగ్నెసు పేరనే వెలువడెను. అటుపిమ్మట ఆమె ఇంటిపనులనడుమనే పరిశోధించుచు అనేక వ్యాసములు ప్రకటించెను. అమెరికాలో ఇర్వింగ్ లాంగ్మూరు ఆ తొట్టినే మెరుగుపరచి, 1917లో అణువుల పొరలపై ప్రసిద్ధ వ్యాసము వ్రాసి, ఉపరితలములనుగూర్చిన కృషికై 1932లో నోబెలు బహుమానమందెను. అదే యేట బ్రౌన్‌ష్వైగు విద్యాపీఠము 70 ఏండ్ల ఆగ్నెసునకు గౌరవ డాక్టరు పట్టమొసగెను. 1935లో ఆమె గతించెను.

గిన్నెలు కడుగు నీటిపై పరిశోధన యెందుకు పనికివచ్చునని యడుగువారు కలరు. నెలలు నిండకముందే పుట్టిన శిశువులు కొందరు ఊపిరియాడక చనిపోవుచుండిరి. మన ఊపిరితిత్తులలోని సన్నని గాలితిత్తుల లోపల తడిపొర యుండును. దాని తలతన్యతను తగ్గించు సబ్బువంటి పదార్థమును దేహమే తయారుచేసికొనును. అది చాలనప్పుడు గాలితిత్తులు ముడుచుకొనిపోవును. 1950ల దశకమున జాన్ క్లెమెంట్సు ఊపిరితిత్తుల ద్రవమును అట్టి తొట్టిలోనే పరీక్షించెను. శిశువుల చావునకు ఆ పదార్థము చాలకపోవుటయే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జీర్ మీడు నిరూపించిరి. తరువాతి దశాబ్దములలో ఆ పదార్థమును మందుగా ఊపిరితిత్తులలోనికి ఎక్కించుట వైద్యులకు సాధ్యమైనది. తాంబాళమున మొదలైన ప్రశ్న తొట్టెలలోని పసివాండ్రవరకు పోయినదనుట అతిశయోక్తి కాదు.

ఇది పరదేశపు కథయని చదువరులు తలపవలదు. మన విశాఖపట్టణమున బాల్యము గడపి చదువుకొన్న చంద్రశేఖర వేంకటరామనుగారు 1907లోనే, పందొమ్మిదేండ్ల ప్రాయమున, ద్రవముల తలతన్యతను కొలుచు విధముపై లండను పత్రికలో వ్యాసము ప్రకటించిరి. 1920ల దశకమున రామదాసుగారితో గూడి ద్రవముల ఉపరితలమునుండి కాంతి చెదరుటను పరిశోధించిరి. రాలీ నడచిన త్రోవలోనే నడచిన మహావిద్వాంసులు వారు. అయినను 1933లో వారు బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షులైన తరుణమున, బొంబాయి విశ్వవిద్యాలయమునుండి ఉత్తమముగా ఉత్తీర్ణురాలైన కమలా భాగవత్ చేరవచ్చినప్పుడు, స్త్రీయను కారణముచేత మొదట కాదనిరి. ఆమె కదలక నిలిచి పోరాడి, షరతులమీద ప్రవేశము పొందెను. తన పనిచేత వారి యభిప్రాయమును మార్చి, 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టమందెను. పరిశోధనలో సమానులైన యిద్దరు పెద్దలు. ఒకరు తలుపు తామే తెరచిరి, మరియొకరిచేత తెరపింపవలసివచ్చెను. మేధకును ఈ గుణమునకును సంబంధము లేదని మాకు తోచినది.

ఈ కథలన్నిటిని మూటగట్టుకొని ఒక ఆదివారము చేవెళ్ల దగ్గరనున్న అక్కగారింటికి పోతిమి. నిజము దాచనేల? ఆనాడు పోయిన పని వేరు. మా మేనకోడలు బి.యస్సీ. ఉత్తీర్ణురాలై, హైదరాబాదులో భౌతికశాస్త్రమున ఎం.యస్సీ. చదువుదునని పట్టుపట్టియుండెను. మేమొక మంచి సంబంధము చూచి యుంటిమి. మేనమామ మాటకు మా యిండ్లలో బరువెక్కువ గదా! ఆ బరువు నుపయోగించుటకే పోయితిమి.

భోజనములైన పిదప అక్క తోటలోనికి తీసికొనిపోయెను. ఆమె కూరగాయలు పండించును. మాటలలో తాంబాళము సంగతి యెత్తి, నాటి ప్రశ్నకు జవాబు చెప్పితిమి. ఆమె నవ్వి, క్యాబేజీ మడి చూపెను.

"మరి గిది జూడు. పత్తగోబి ఆకు మీద నీళ్లు నిలువయి, ముత్యాల లెక్క దొర్లి పడ్తయి. మందు కొట్టినా అంతే. అందుకే మందుల ఇంత సబ్బుపొడి కలుపుత. అప్పుడు ఆకంత పర్చుకుంటది."

"ఎవరు చెప్పిరి?"

"ఎవలు జెప్తరు? ఒక్క సాలుకు కొట్టి చూసిన. ఎక్కువైతే ఆకు మాడుతది. తగ్గించి ఇంకో సాలుకు కొట్టిన. అట్ల లెక్క దొరికింది."

మాకు సిగ్గు వేసెను. తామరాకుమీది నీటిబొట్టును గీత యైదవ అధ్యాయమునుండి కావ్యములవరకు ఎన్నిచోట్ల చదివితిమి! ఎన్ని తరగతులలో ఆ యుపమానమును వివరించితిమి! ఆ బొట్టు ఏల అంటదని ఒక్కనాడైన ఆలోచింపలేదు. ఆకుపై కంటికి కనబడని మైనపు బొడిపెలుండుటచేతనని 1997లో బార్త్‌లాట్, నైన్‌హుయిసు అను జర్మను వృక్షశాస్త్రజ్ఞులు వివరించిరి. మేము ఉపమానమును బోధించుచుండగా అక్క సాలు వెంట సాలుగా ప్రయోగము చేయుచుండెను.

అరుగుమీదికి వచ్చి ఆగ్నెసు కథ చెప్పితిమి. మేనకోడలు చిక్కుడుకాయలు ఒలుచుచు వినుచుండెను. విశ్వవిద్యాలయము చేర్చుకొనకపోవుట, తమ్ముడు పుస్తకములు పంపుట, తొట్టి, జాబు, అన్నియు చెప్పితిమి. రాలీ ఔదార్యమును కొంత యలంకరించియే చెప్పితిమి. అక్క చాలసేపు మాటాడలేదు. తరువాత ఒక్క మాట అడిగెను.

"తమ్ముడు పుస్తకాలు పంపిండా?"

"పంపెను."

"ఊఁ. మంచోడు."

అంతకుమించి యేమియు అనలేదు. ఎత్తిపొడుచుటకు అన్నదికాదు, నిజముగనే ఆ తమ్ముని మెచ్చుకొన్నది. అందుచేతనే ఆ మాట మాకు ముల్లై గ్రుచ్చుకొనెను. మేము హైదరాబాదులో చదివిన దినములలో ప్రతి పండుగకును ఇంటికి వచ్చితిమి. అక్కకు గాజులు తెచ్చితిమి, ఒకమారు చీర తెచ్చితిమి. ఒక్క పుస్తకము తేలేదు. ఆమెను చదువు మానిపించినది పెద్దలని ఇంతకాలము చెప్పుకొంటిమి. పెద్దలు మానిపించినది బడి మాత్రమే. చదువును మేము మానిపించితిమి. ఆగ్నెసునకు విశ్వవిద్యాలయము లేదు, తమ్ముడుండెను. మా అక్కకు తమ్ముడును లేకపోయెను.

సంబంధము మాట ఆనాడు మేమెత్తలేదు. బావగారే యెత్తిరి. "పిల్లను చదువనిండు బావా, ఆ సంబంధము వారితో నేను మాట్లాడుత" అంటిమి. ఆయన ముఖము ముడుచుకొనెను. "నువ్వే తెస్తివి, నువ్వే చెడగొడ్తివి" అని లేచిపోయి, రెండు నెలలు మాతో మాటాడలేదు. సంబంధమువారు రెండేండ్లు ఆగుదురేమోనని అడిగితిమి. ఆగలేదు, వేరొక పిల్లను చూచుకొనిరి. మంచి సంబంధమే, పోయినందుకు మాకును బాధ కలదు. చదువునకు వెల లేదని చెప్పు ఉపన్యాసకులు ఇట్టి వెలలను లెక్కింపరు. లెక్కించియే చెల్లింపవలెనని మా యభిప్రాయము. మేనకోడలు ఇప్పుడు హైదరాబాదున ఎం.యస్సీ. మొదటి సంవత్సరము చదువుచున్నది.

అక్కకు తొమ్మిది, పది తరగతుల భౌతికశాస్త్ర పుస్తకములు తీసికొనిపోయి యిచ్చితిమి. ఆలస్యమైన కానుక, దానివలన పోయిన 35 ఏండ్లు తిరిగిరావు. ఆమె కండ్లద్దాలు పెట్టుకొని, బొమ్మలు మొదట చూచి, తరువాత చదువ మొదలుపెట్టెను. చదువరులైన సోదరులారా, మీ యిండ్లలో గిన్నెలు తోమునప్పుడో, అన్నము వార్చునప్పుడో వినవచ్చు ప్రశ్నలకు జవాబు మీకు తెలియకపోవచ్చును. తెలియకపోవుట తప్పు కాదు. వానిని తెలిసినవారికి చేరవేయుట మీ చేతనగును.

పోయిన వారము అక్క ఫోను చేసి, "వేడినీళ్లల్ల జిడ్డు జల్ది పోతది గద, చన్నీళ్లల్ల పోదు. నీళ్ల గుంజుడు తగ్గి పోతదా, జిడ్డే కరిగి పోతదా? రెండిట్ల ఏది ఎక్కువ?" అని యడిగెను. మాకు తెలియలేదు. ఆ ప్రశ్నను ఆమె మాటలలోనే కాగితముమీద వ్రాసి, క్రింద ఆమె పేరు చేర్చి, మేనకోడలికి పంపితిమి.